సభ్యుడా, మెంబరా, మనోడా: ఏది ఎక్కడ మేలు?

కిందటేడు మా కాలనీ సంఘం ఎన్నికల నోటీసు రాసే పని నా నెత్తిన పడింది. రాశాను, ప్రింటు తీశాను, గేటు పక్కన అతికించాను. రెండు రోజుల తర్వాత ఒక పెద్దాయన నన్ను ఆపి, ‘‘ఏమండీ, ఓటేసే ముందు మా సభ్యత ఎవరు పరీక్షిస్తారు?’’ అని అడిగాడు. వెళ్ళి చూస్తే ఏముంది! ‘సభ్యత లేనివారు ఓటు వేయడానికి అనర్హులు’ అని ఉంది. ‘సభ్యత్వం’లో చివరి ముక్క ఎగిరిపోయింది.

తప్పు నాదే, కానీ ఆ మాటలోనే తిరకాసు ఉంది. ‘సభ్యుడు’ అంటే మూలంలో సభకు తగినవాడు. ఆ ‘సభ్య’కే ‘త’ చేరిస్తే మర్యాద, ‘త్వం’ చేరిస్తే చందా రసీదు. వ్యాకరణంలో ఆ రెండు ప్రత్యయాలూ చేసే పని ఒకటే. అర్థాలను చెరొకటీ పంచింది వాడుక. అందుకే ‘అసభ్యుడు’ అంటే సంఘంలో లేనివాడు కాదు, వాడికి ‘సభ్యేతరుడు’ అని వేరే మాట కట్టాల్సి వచ్చింది. పేపర్లో ‘దొంగల ముఠా సభ్యుల అరెస్టు’ అని చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. సభకు తగినవాళ్ళు తాళాలు పగలగొట్టడమేమిటో!

ఆ నోటీసు దెబ్బకి ఒక అలవాటు పట్టుకుంది. ‘సభ్యుడు’ అని రాయబోయే ముందు, ఆ మనిషి పేరు ఏదైనా పుస్తకంలో ఎక్కిందా అని చూసుకుంటాను. లెక్క, జాబితా ఉన్నచోట ఆ మాట బాగా కుదురుతుంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 మంది, తెలంగాణలో 119 మంది సభ్యులు. అక్కడ ఇంకో మాట పెట్టలేం. తమాషా ఏమిటంటే, ‘శాసనసభ సభ్యుడు’ అనేది నోట్లో నలిగి ఒక ‘సభ’ మింగేసి ‘శాసనసభ్యుడు’ అయింది. రాజ్యసభకు మాత్రం ఆ సుఖం లేదు, ‘రాజ్యసభ సభ్యుడు’ అని రెండుసార్లు అనాల్సిందే.

ఇదంతా రాతలో. మాటల్లో ‘శాసనసభ్యుడు గారు వస్తున్నారు’ అని ఎవరూ అనరు, ఎమ్మెల్యే గారే వస్తారు. పేపర్లో వార్డు సభ్యుడు, వీధిలో వార్డు మెంబరు. ‘మెంబరు’ని ఇంగ్లీషు మాట అని చిన్నచూపు చూడనక్కర్లేదు. దాంతో ఒక పెద్ద సౌకర్యం ఉంది: ఆడా మగా తేడా లేదు. ‘సభ్యుడు’ అంటే ‘సభ్యురాలు’ కూడా రాయాలి, లేదంటే ‘సభ్యుడు/సభ్యురాలు’ అని గీత పెట్టి ఫారం నింపుకోవాలి. అందుకే బహువచనం దొరికితే నేను ‘సభ్యులు’తో బయటపడతాను. దొరక్కపోతే మాటల్లో మెంబరే మేలు. అసలు ఇంకా తేలికైన దారి, నామవాచకం వదిలేసి క్రియ పట్టుకోవడం. ‘ఆమె డ్వాక్రా గ్రూపులో ఉంది’ అంటాం గానీ ‘డ్వాక్రా గ్రూపు సభ్యురాలు’ అనేది బ్యాంకు కాగితంలోనే. చేరాడు, ఉన్నాడు, మానేశాడు. ఈ మూడింటితో ఏ సంఘం కథైనా చెప్పొచ్చు.

‘కుటుంబ సభ్యులు’ విషయంలో నాకు కొంచెం పేచీ ఉంది. రేషన్ కార్డు మీద సరే, అక్కడ అది జాబితానే. కబుర్లలోకి కూడా వచ్చేస్తేనే ఇబ్బంది. ‘ఇంట్లోవాళ్ళకి చెప్పావా?’ అంటే పలకరింపు. ‘కుటుంబ సభ్యులకు సమాచారం ఇచ్చారా?’ అంటే టెన్షన్, ఎవరికేమైందో అని.

ఇక ‘చెందిన’. వార్తల్లో దీనికి విశ్రాంతి లేదు. ఫలానా పార్టీకి చెందిన, ఫలానా ఊరికి చెందిన. ‘సంఘానికి చెందిన సొమ్ము’ అనండి, బ్రహ్మాండంగా ఉంటుంది. ‘సంఘానికి చెందిన రమణ’ అంటే మాత్రం రమణ కూడా కుర్చీలూ షామియానాల పక్కన ఆస్తుల చిట్టాలో చేరినట్టు వినిపిస్తుంది. మనిషి తాను ఎంచుకోనివాటికి, అంటే తెగకో తరానికో, ‘చెందిన’ నప్పుతుంది. ఊరి విషయంలో రాతకు పనికొస్తుంది గానీ నోటికి రాదు. ‘మీదే ఊరు?’ అని అడిగితే ‘నేను ఏలూరుకు చెందినవాణ్ణి’ అనం, ‘మాది ఏలూరు’ అంటాం. మనం ఊరికి చెందడం కాదు, ఊరే మనదవుతుంది.

ఆ ‘మా’లోనే అసలు సంగతి ఉంది. తెలుగులో ‘మా’ వేరు, ‘మన’ వేరు. ‘మా గ్రూపులో పెడతా’ అంటే వింటున్న మీరు అందులో లేరని అర్థం. ‘మన గ్రూపులో పెడతా’ అంటే ఉన్నారని. తమిళంలో ఈ తేడా ఉంది, ఇంగ్లీషులో లేదు. మీరు కూడా ఉన్న గ్రూపు గురించి ఎవరైనా మీతోనే ‘మా గ్రూపు’ అంటే ఎక్కడో చివుక్కుమంటుంది. పేరు తీసెయ్యకుండానే బయటికి నెట్టేసినట్టు. అలాగే ‘మావాడు’ అంటే ఎక్కువసార్లు మా అబ్బాయి, ‘మనవాడు’ అంటే మీకూ నాకూ కావలసినవాడు.

అది ‘మనోడు’గా మారిందంటే ఇంకా దూరం పోతుంది. ‘మనోడే, కాస్త చూడండి’ అనే మూడు మాటలు సభ్యత్వ కార్డు చేయలేని పనులు చేయిస్తాయి. కథ చెప్పేటప్పుడు ‘మనోడు ఏం చేశాడంటే’ అని మొదలుపెడితే ముద్దూ ఉంటుంది, వెటకారమూ ఉంటుంది. కానీ కొత్త మనిషిని చూపించి గొంతు తగ్గించి ‘మనోళ్ళేనా?’ అని అడిగితే, చాలాసార్లు అది కులం వాకబు. అందుకే ఆత్మీయతలో దీన్ని మించిన మాట లేకపోయినా, నలుగురూ చదివే కాగితంలో నేను పెట్టను.

అనుచరుడు, కార్యకర్త, వర్గీయుడు పార్టీల సరుకు. వర్గీయుడు అన్నారంటే ఆ పార్టీలో ఇంకో వర్గం ఉందని కూడా చెప్పినట్టే.

నాకు మహా ఇష్టమైనది ‘తాలూకు’. సంబంధం అనే అర్థమున్న అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా మన దగ్గరకొచ్చింది. పాలనలో కూడా తాలూకాలుండేవి. 1985లో ఆంధ్రప్రదేశ్‌లో వాటి స్థానంలో మండలాలు వచ్చాయి, మాట మాత్రం జనం నోట్లో మిగిలింది. పెళ్ళిలో ‘మీరు ఎవరి తాలూకు?’ అంటే అటువైపా ఇటువైపా అని. 2024 ఎన్నికల తర్వాత బళ్ళ మీద ‘పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా’ అనే పలకలు వెలిశాయి గుర్తుందా? ఆ బండివాడు పార్టీలో చేరాడని ఆ పలక చెప్పదు, రుసుం కట్టాడని చెప్పదు. ఏదో సంబంధం ఉందంటుంది, అంతే. అబద్ధమని తేల్చడానికి రిజిస్టరు ఉండదు, బహిష్కరించడానికి కమిటీ ఉండదు. హోదాకి హోదా, చందా లేదు!

మా నోటీసు సంగతి. ఆ సాయంత్రమే మార్చి అతికించాను: ‘చందా కట్టి, జాబితాలో పేరు ఉన్నవారే ఓటు వేయవచ్చు.’ సభ్యుడూ లేదు, మెంబరూ లేదు. జాబితా కూడా పక్కనే పెట్టాను. అందులో పెద్దాయన పేరు లేదు. రెండేళ్ళ చందా బాకీ.