వేదిక మీద పాడుతున్నది ఏ గొంతు? ఒక పాత రాక్ బ్యాండ్ కచేరీలపై దీర్ఘకాల అభిమాని సమీక్ష

చదువుకునే వయసు నుంచి నేను ఇష్టపడి వింటూ, వీలున్న ప్రతి పర్యటనలోనూ వెళ్లి చూస్తూ వచ్చిన ఒక రాక్ బ్యాండ్ కచేరీల గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. బ్యాండ్ పేరు చెప్పడం లేదు. సభ్యుల వయసు డెబ్బై ఏళ్లకు అటూ ఇటూ ఉన్న అనేక బృందాల కచేరీల్లో ఇప్పుడు ఇవే పద్ధతులు కనిపిస్తున్నాయి కాబట్టి, టిక్కెట్టు కొనబోయేవారికి పేరు కంటే ఈ పరిశీలన ఎక్కువగా పనికొస్తుందని భావిస్తున్నాను.

ఈ బృందం ఒకప్పుడు రికార్డులో నాలుగు నిమిషాలున్న పాటను వేదిక మీద పది నిమిషాలకు పెంచేది. గిటారిస్టు ఎత్తుకున్న చిన్న స్వరాల వరుసను డ్రమ్మర్ అందుకుని దాని నడకను మార్చేవాడు. ఆ మార్పును విన్న గాయకుడు తరువాతి చరణాన్ని ఒక ఆవర్తం (తాళపు ఒక చుట్టు) ఆలస్యంగా మొదలుపెట్టేవాడు. ఈ ముగ్గురూ ఎక్కడ కలుస్తారో తెలియని ఉత్కంఠతో మేము నిలబడి వినేవాళ్లం. తప్పులు దొర్లేవి. అయినా వరుసగా రెండు రాత్రులు వెళితే రెండు వేర్వేరు కచేరీలు విన్నట్టుండేది. నా అభిమానమంతా ఆ ప్రత్యక్షత మీదే నిలబడింది.

వయసు వల్ల వచ్చిన మార్పులపై నాకు ఫిర్యాదు లేదు. వృద్ధాప్యంలో స్వరతంత్రుల కండరం పలచబడుతుంది, అవి పూర్తిగా మూసుకోక మధ్యలో సందు మిగులుతుంది, ఊపిరి బలం కూడా తగ్గుతుంది. తారస్థాయిలో దీర్ఘంగా నిలపవలసిన స్వరం అందకపోవడం సహజం. మొదట వీరు గిటార్లను అర స్వరం దించారు, తరువాతి పర్యటనలకు పూర్తి స్వరం దించారు. తీగల బిగువు తగ్గడంతో మందపు తీగల మీద వాయించే రిఫ్‌లలో (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటారు వరుసల్లో) మునుపటి పదును పోయింది కానీ, గాయకుడు తన గొంతుతో పాడగలగడానికి అది న్యాయమైన మూల్యమే అనిపించింది. పల్లవిలో ఎత్తైన చోటు రాగానే మైకును ప్రేక్షకుల వైపు తిప్పడం, గాయకుడికి విశ్రాంతి దొరికేలా డ్రమ్స్ సోలోను పొడిగించడం కూడా నాకు ఇబ్బందిగా తోచలేదు.

నా నమ్మకాన్ని దెబ్బతీసింది బ్యాకింగ్ ట్రాకులు, అంటే ముందే రికార్డు చేసి కచేరీలో వాయింపుతో పాటు వినిపించే ధ్వనులు. మొదట కోరస్ గొంతులకు, కీబోర్డు పొరలకు మాత్రమే వాటిని వాడినట్టు వినిపించేది. ఇలా వాడే బృందాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి నేను పట్టించుకోలేదు. గత రెండు పర్యటనల్లో ప్రధాన గాత్రమే ట్రాకులోకి వెళ్లింది. చరణాలను గాయకుడు స్వయంగా, కాస్త వణుకుతో, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ పాడతాడు. పల్లవి రాగానే ఊపిరి తీసుకున్న జాడే లేని యవ్వనపు గొంతు స్పీకర్లలోంచి వస్తుంది. వేర్వేరు రాత్రుల్లో ఒకే పాటలో, ఒకే అక్షరం మీద, ఒకే చిన్న జీర వినిపించినప్పుడు నాకు అనుమానం కలిగింది. ఇంటికి వచ్చి వారి పాత లైవ్ ఆల్బమ్ పెట్టుకుని వింటే, ఆ జీర అక్కడే, అదే అక్షరం మీద ఉంది. దశాబ్దాల కిందటి ఒక కచేరీ గొంతును నేటి కచేరీగా వినిపిస్తున్నారని గ్రహించిన ఆ క్షణంలో కలిగిన బాధను తక్కువ చేసి చెప్పలేను.

దీని పర్యవసానాలు గాత్రంతో ఆగలేదు. ముందే రికార్డు చేసిన ట్రాకుతో కలిసి వాయించాలంటే డ్రమ్మర్ చెవిలో క్లిక్ (వేగం తప్పకుండా లయను సూచించే టిక్ టిక్ శబ్దం) మోగుతూ ఉండాలి. వెనుక తెరల మీది దృశ్యాలు, దీపాల మార్పులు కూడా అదే కాలసూచికకు ముడిపడి ఉంటే, సోలో రెండు ఆవర్తాలు పెరగడానికి గానీ, పాట వేగం ఆ రాత్రి ఉత్సాహాన్ని బట్టి మారడానికి గానీ చోటుండదు. అందుకే పాటల వరుస, పాటల మధ్య మాటలు, చివరికి గిటారిస్టు వేదిక అంచుకు నడిచివచ్చే సమయం కూడా ప్రతి రాత్రీ ఒకటిగానే ఉన్నాయి. రిటైరైన మొదటి డ్రమ్మర్ స్థానంలో వచ్చిన యువకుడు నిజంగా గొప్ప వాద్యకారుడు. అతని చేతులను కూడా ఆ క్లిక్ కట్టేసింది.

ఇంతకంటే మర్యాదైన మార్గాలు ఉన్నాయి. జెనెసిస్ రాక్ బృందం 2021-22 పర్యటనలో దాని గాయకుడు, పూర్వపు డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ కుర్చీలో కూర్చుని పాడారు, డ్రమ్స్ ఆయన కుమారుడు నిక్ వాయించారు. ఆయన శక్తి ఎంతవరకో ప్రేక్షకుల కళ్లెదుటే ఉంది. రాక్ గాయకుడు ఓజీ ఆస్బోర్న్ 2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్కులో సింహాసనం మీద కూర్చునే వీడ్కోలు పాడారు. గాయకుడు స్టీవెన్ టైలర్ స్వరపేటిక గాయం పూర్తిగా మానదని తేలాక ఆయన రాక్ బృందం ఏరోస్మిత్ 2024 ఆగస్టులో పర్యటనలకు స్వస్తి చెప్పింది. లండన్‌లో 2022లో మొదలైన, స్వీడన్ పాప్ బృందం అబ్బా ప్రదర్శనలో సభ్యులు డిజిటల్ రూపాల్లో కనిపిస్తారు, గాత్రం రికార్డుల నుంచే వస్తుంది. కానీ ఆ సంగతి టిక్కెట్టు కొన్న ప్రతివారికీ తెలుసు, పైగా వేదిక మీద సజీవ వాద్యబృందం వాయిస్తుంది. నేను కోరుకుంటున్నది ఆ నిజాయితీనే.

ఈ బృందానికి అది చేతకాదని కూడా అనలేను. చివరిసారి చూసిన కచేరీ మధ్యలో తెరలు ఆపేసి, రెండు పాటలను అకౌస్టిక్ గిటార్లతో, బాగా తగ్గించిన శ్రుతిలో వినిపించారు. గాయకుడి గొంతు ఒకచోట పగిలింది, ఒక పంక్తిని అతను దాదాపు మాటలా పలికాడు, గిటారిస్టు అతని కోసం ఒక క్షణం ఆగి మళ్లీ అందుకున్నాడు. యవ్వనంలో రాసిన ఆ పాటకు డెబ్బై ఏళ్ల గొంతు ఇచ్చిన అర్థం రికార్డులో ఎక్కడా లేదు. ఆ పాటలు అయిపోయాక తెరలు వెలిగాయి, ట్రాకు మొదలైంది.

ధ్వని నాణ్యత బాగుంది, దీపాల అమరిక చాలా బాగుంది. ఈ పాటలను పెద్ద జనసందోహంలో కలిసి పాడుకోవాలని మొదటిసారి వెళ్లేవారికి ఆ సాయంత్రం ఆనందంగానే గడుస్తుంది. పాత లైవ్ ఆల్బమ్‌లు విని, అలాంటి వాయింపును ఆశించి వెళ్లేవారికి మాత్రం నేను సిఫార్సు చేయను. వచ్చే పర్యటనకు నేను టిక్కెట్టు కొనడం లేదు. చిన్న హాలులో, ట్రాకులు లేకుండా, ఆ అకౌస్టిక్ భాగం తరహాలో గంటసేపు వాయిస్తామని వారు ప్రకటించిన రోజున మాత్రం మొదటి వరుసలో చోటు కోసం ప్రయత్నిస్తాను.