మాట రాని ఊళ్లో మూడు నెలలు: భాషా క్లాసుల మీద నా రివ్యూ

సువార్త సేవకని వేరే దేశం వెళ్లబోయేవాళ్లు నన్ను ముందు అడిగేది వీసా సంగతి, ఇల్లు ఎలా దొరికిందన్న సంగతి. అవి ఎలాగోలా అయిపోతాయి. నన్ను ఇక్కడ నిలబెట్టింది మాత్రం భాషా క్లాసులే, అందుకే వాటి గురించే రాస్తున్నాను.

మొదట ఒక స్కూల్లో బ్యాచ్‌లో చేరాను. పద్నాలుగు మందిమి. పుస్తకంలో మొదటి పాఠం ఎయిర్‌పోర్టు, రెండోది హోటలు. నాకు కావలసిందేమో కరెంటు పోతే ఎవరికి చెప్పాలి, చెత్త ఏ రోజు బయట పెట్టాలి, మందుల షాపులో జ్వరం అని ఎలా అనాలి. ఐదు వారాల్లో ముగ్గురు టీచర్లు మారారు, మానేస్తానంటే మిగిలిన డబ్బు వెనక్కి ఇవ్వలేదు. ఐదుకి రెండు ఇస్తాను, అదీ అక్షరాలు బాగా నేర్పినందుకు.

తర్వాత ఒక్కరికే చెప్పే క్లాసులకు మారాను, వారానికి ఐదు రోజులు, రోజుకు రెండు గంటలు. మొదటి మూడు వారాలు మేడమ్ నన్ను అసలు మాట్లాడనివ్వలేదు. టేబుల్ మీద కప్పు, చెంచా, తాళంచెవి, మందు సీసా పెట్టి ఆవిడ పేరు చెబితే నేను వేలితో చూపించాలి, అంతే. తర్వాత తాళంచెవి కప్పులో వెయ్యండి, లేవండి, తలుపు తీయండి అని చెబుతుంటే నేను చేసుకుంటూ పోవాలి. జేమ్స్ ఆషర్ అనే సైకాలజిస్టు 1960ల నుంచి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది, చిన్నపిల్లలు ముందు విని, చేసి, ఆ తర్వాతే మాట్లాడతారన్న ఆలోచన మీద నడుస్తుంది. నాకు నమ్మకం కుదరలేదు. కానీ మూడో వారం మెట్లెక్కుతుంటే కింది ఇంట్లో తల్లి పిల్లాణ్ణి తలుపు తీయమని అరిచింది, అర్థం వెతుక్కోకుండానే నాకు అర్థమైపోయింది. అక్కడే ఆగిపోయాను, కళ్లు చెమర్చాయి.

అసలు టెన్షన్ వేరే ఉంది. ప్రతి నెలా పంపిన సంఘానికి రిపోర్టు రాయాలి. ఎంతమందిని కలిశారు, ఎంతమంది వాక్యం విన్నారు అని అడుగుతారు, నేనేమో కప్పులూ చెంచాలూ చూపిస్తూ కూర్చున్నాను. దయచేసి పంపేవాళ్లు కూడా ఇది చదవాలి. అమెరికా విదేశాంగ శాఖ ఇంగ్లీషు మాట్లాడే తన ఉద్యోగులకు భాష నేర్పడానికి వేసుకున్న లెక్కలో మన తెలుగుకి 1100 క్లాసు గంటలు, అరబిక్, జపనీస్ లాంటివాటికి 2200 గంటలు పడతాయి. ఇంగ్లండ్ నుంచి వచ్చిన మిషనరీ విలియం కేరీ 1793లో బెంగాల్ చేరితే బెంగాలీలో కొత్త నిబంధన అచ్చయింది 1801లో.

ఒక జాగ్రత్త. ఆ భాషలో ఆడియో బైబిల్ విని నేర్చేసుకుందామని నేనూ అనుకున్నాను. చెవికి మంచిదే, కానీ అందులోని పాత మాటలు షాపులో వాడితే ఎవరికీ అర్థం కాలేదు, మన పాత తెలుగు బైబిల్లోని గ్రాంథికంతో బజారుకెళ్లినట్టే. మేడమ్‌కి నేను మిషనరీనని మొదటి రోజే చెప్పేశాను, దాచి నేర్చుకోవడం నాకిష్టం లేదు. ఆవిడ మా విశ్వాసంలో లేరు, అయినా ప్రార్థనకి జనం మామూలుగా వాడే మాట ఏదో ఓపిగ్గా చెప్పారు.

లోపం ఒకటి ఉంది. నా తప్పులకి మేడమ్ అలవాటు పడిపోయారు, ఎలా చెప్పినా అర్థం చేసుకుంటారు, బయటివాళ్లకి అర్థం కాదు. అందుకే వారానికి ఒక రోజైనా ఇంకో టీచర్ దగ్గర కూర్చోండి. చివరి పది నిమిషాలు ఫోన్లో రికార్డు చేసుకుని బస్సులో వినండి, నాకు సగం భాష అలాగే వచ్చింది. ఐదుకి నాలుగున్నర.

ఇప్పటికి 110 గంటలయ్యాయి. పోయిన వారం కింది ఇంటి పెద్దావిడ ఆస్పత్రి నుంచి వస్తే చూడ్డానికి వెళ్లాను. నొప్పి ఎక్కడండీ అని అడిగాను. ఇరవై నిమిషాలు చెప్పింది, సగమే అర్థమైంది, కానీ చెయ్యి వదల్లేదు. ప్రార్థన చేయమంటారా అంటే తలూపింది, మూడు వాక్యాలే చేయగలిగాను. ఇంటికొచ్చి ఇంకో వంద గంటలకి డబ్బు కట్టేశాను, ఈసారి ఒంట్లో భాగాల పేర్లు ముందు చెప్పమని మేడమ్‌ని అడిగాను.