టోక్యో తరగతి గదా, హకోదాతే ఇంటి గుమ్మమా?

సంక్రాంతి సెలవులు ముగిసి తరగతులు మళ్ళీ మొదలయ్యే వేళకు, నా దగ్గర జపనీస్ నేర్చుకునేవారిలో ఇద్దరు ముగ్గురైనా తప్పక అడిగే ప్రశ్న ఒకటి ఉంది. వేసవిలో జపాన్ వెళ్ళి చదవాలనుకుంటే టోక్యోలోని విశ్వవిద్యాలయంలో చేరడం మేలా, లేక చిన్న ఊళ్ళో ఒక కుటుంబంతో కలిసి ఉంటూ చదవడం మేలా? పైచదువులకు అమెరికా వెళ్ళిన పాత విద్యార్థులూ ఇదే అడుగుతుంటారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పిన సమాధానాన్ని ఈసారి ఒకేచోట రాస్తున్నాను.

టోక్యో అన్నప్పుడు నా మనసులో ఉండేది మితకాలోని ఇంటర్నేషనల్ క్రిస్టియన్ యూనివర్సిటీ వేసవి కోర్సు. జులై మొదట్లో ఆరంభమై ఆగస్టు మధ్యకు ముగిసే ఈ ఆరు వారాల చదువులో విద్యార్థి స్థాయిని పరీక్షించి, దానికి తగిన తరగతిలో వేస్తారు. చిన్న ఊళ్ళ విషయానికి వస్తే రెండు పేర్లు చెబుతాను. మొదటిది జపాన్ ఉత్తర ద్వీపమైన హొక్కైడో దక్షిణ తీరాన ఉన్న హకోదాతేలో హొక్కైడో ఇంటర్నేషనల్ ఫౌండేషన్ నడుపుతూ వచ్చిన ఎనిమిది వారాల కార్యక్రమం. రెండవది ఇషికావా ప్రాంతంలోని కనజావాలో అమెరికాకు చెందిన ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం నడిపే ‘ప్రిన్స్‌టన్ ఇన్ ఇషికావా’. ఇదీ ఎనిమిది వారాలే. ఈ రెండింటిలోనూ విద్యార్థి ఒక జపనీస్ కుటుంబంతో ఉంటాడు.

ముందుగా క్యాలెండర్ సంగతి. మన వేసవి సెలవులు ముగిసే జూన్ మధ్యలోనే అక్కడి ఎనిమిది వారాల కార్యక్రమాలు మొదలవుతాయి కనుక, ఇక్కడి కాలేజీ విద్యార్థులకు సెమిస్టరు అడ్డు వస్తుంది. అమెరికాలో చదివేవారికి, డిగ్రీ పూర్తయి ఉద్యోగంలో చేరబోయేవారికి ఈ చిక్కు లేదు. తొంభై రోజుల లోపు చదువు కాబట్టి స్వల్పకాలిక వీసా సరిపోతుంది, కానీ ఆ వీసా మీద పార్ట్‌టైమ్ పని చేయడానికి వీల్లేదు. అక్కడికి వెళ్ళాక సంపాదించుకుని ఖర్చు పూడ్చుకోవచ్చనే ఆలోచన ఉంటే దాన్ని ఇక్కడే వదిలేయాలి.

ఇక అసలు విషయం. ఫీజు, ఊరు, ధ్రువపత్రం, క్రెడిట్లు వంటి కారణాలెన్ని ఉన్నా, తెలుగువారి విషయంలో నేను నిర్ణాయకమని నమ్మేది ఒక్కటే: సాయంత్రం నాలుగు దాటాక మీరు ఏ భాషలో బతుకుతారు? ఇది తెలుగువారికే ఎందుకు అంత ముఖ్యమో కొంత వివరంగా చెప్పాలి.

జపనీస్ వ్యాకరణంలో ఇంగ్లిష్ వారిని ఏళ్ళ తరబడి వేధించే భాగం మనకు పుట్టుకతోనే వచ్చినదానికి చాలా దగ్గరగా ఉంటుంది. క్రియ వాక్యం చివర వస్తుంది, విభక్తులు నామవాచకం వెనక చేరతాయి. ‘తబెతె మిరు’ అంటే అచ్చంగా మన ‘తిని చూడు’లోని పోకడే, అక్కడా ‘చూడడం’ అంటే కళ్ళతో చూడడం కాదు. ‘తబెతె షిమత్త’కు ‘తినేశాను’ కన్నా మంచి అనువాదం ఇంగ్లిష్‌లో దొరకదు. ఒకరన్న మాటను మరొకరికి చెప్పేటప్పుడు మనం చేర్చే ‘అని’ చేసే పనినే వారి ‘తొ’ చేస్తుంది. ఇంత దగ్గరి భాషను మన పిల్లలు ఇంగ్లిష్ వివరణలున్న పుస్తకాల్లో, ఇంగ్లిష్ ద్వారా నేర్చుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అదలా ఉంచితే, తరగతి గదిలో గంటలకొద్దీ వ్యాకరణం చెప్పించుకోవలసిన అవసరం మిగతావారితో పోలిస్తే మనకు తక్కువ. మనకు నిజంగా కొరవడేవి రెండు: ఒకటి కంజీ, అంటే చైనా నుంచి వచ్చిన లిపి అక్షరాలు; రెండు చెవి, నోరు.

కంజీ సాధన హైదరాబాదులో కూర్చునీ చేయవచ్చు. నిత్యవ్యవహారానికని 2010లో సవరించిన పట్టికలో 2136 అక్షరాలున్నాయి. రోజుకు కొన్ని చొప్పున రాసుకుంటూ పోవడానికి విమానం ఎక్కనక్కరలేదు. చెవికీ నోటికీ మాత్రం ఇక్కడ పని దొరకదు. జపనీస్ భాషా ప్రావీణ్య పరీక్షలో మాట్లాడే విభాగమే లేదు కాబట్టి, అందులో కింది నుంచి రెండవ స్థాయి అయిన ఎన్4 దాటినా ఒక ఇంటి ఇల్లాలితో ఐదు నిమిషాలు మాట్లాడలేనివారు మన మధ్య ఎందరో ఉన్నారు. నేనూ ఒకప్పుడు వారిలో ఒకడినే.

టోక్యోలో బోధన గట్టిగా ఉంటుంది, అందులో సందేహం లేదు. అయితే తరగతి ముగిశాక డార్మిటరీలో చుట్టూ ఉండేది తోటి విదేశీ విద్యార్థులే, వారి ఉమ్మడి భాష ఇంగ్లిషే. ఇద్దరు తెలుగువారు కలిస్తే ఇక చెప్పనే అక్కరలేదు. నా విద్యార్థి ఒకతను టోక్యోలో ఒక వేసవి కోర్సు చదివి వచ్చాక చక్కటి వ్యాసం రాసి చూపించాడు. నేను జపనీస్‌లో ఒక మామూలు ప్రశ్న వేస్తే మాత్రం వెళ్ళకముందులాగే తడబడ్డాడు. తప్పు అతనిది కాదు, అక్కడి పంతుళ్ళదీ కాదు. ఆరు వారాల సాయంత్రాలు అతనికి జపనీస్‌లో గడవలేదు, అంతే.

కుటుంబంతో ఉంటే ఏమవుతుందో ఒక్క మాటతో చెప్పవచ్చు. పొద్దున్న గడప దాటేటప్పుడు జపనీస్ వారు ‘ఇత్తెకిమాసు’ అంటారు. ‘ఇత్తె’ అంటే వెళ్ళి, ‘కిమాసు’ అంటే వస్తాను. పోతున్నాననడం అశుభమని మనమూ ‘వెళ్ళొస్తాను’ అనే అంటాం కదా! పుస్తకంలో ఈ మాట మొదటి పాఠాల్లోనే ఉంటుంది. కానీ వంటింట్లోంచి ఇంటావిడ బదులు పలికే ‘ఇత్తెరష్షై’, సాయంత్రం తిరిగి వచ్చి మనం ‘తదైమా’ అనగానే ‘ఒకయెరి’ అనే ఆమె గొంతు రోజూ చెవిన పడితే తప్ప ఆ మాట మన నోట ఆలోచించకుండా రాదు.

ఇంతకన్నా బరువైనది ఇచ్చిపుచ్చుకునే క్రియల సంగతి. మన ‘చేసి పెట్టు’ ఎవరు ఎవరికి చేసినా ఒకటే. నేను నీకు చేసి పెడతాను, నువ్వు నాకు చేసి పెట్టావు. జపనీస్‌లో నేను ఇతరులకు చేస్తే ‘అగెరు’, ఇతరులు నాకు చేస్తే ‘కురెరు’, చేయించుకున్న నా వైపు నుంచి చెబితే ‘మొరౌ’. సూత్రం పది నిమిషాల్లో అర్థమవుతుంది. నోటికి రావాలంటే భోజనాల బల్ల దగ్గర ఆ ఇంటి పెద్దావిడ మీకు కూర వడ్డించిన సంగతిని మీరే మరొకరికి చెప్పి, పొరపాటు పడి, ఆవిడ నవ్వుతూ దిద్దగా మళ్ళీ చెప్పాలి. మర్యాద రూపాలూ అంతే. పుస్తకాలు ‘మాసు’ రూపంతో మొదలుపెడతాయి, ఇంట్లోవారేమో మీతో సాదా రూపంలో మాట్లాడతారు. ‘మీరు’ నుంచి ‘నువ్వు’కు ఎప్పుడు దిగవచ్చో, ఎవరితో దిగకూడదో మనకు ఇంట్లోనే తెలిసినట్టు ఇదీ ఇంట్లోనే తెలుస్తుంది.

కుటుంబంతో ఉండడానికి న్యాయమైన అభ్యంతరం ఒకటుంది, అది తిండి. శాకాహారులకు జపనీస్ ఇంట్లో చిక్కు మాంసంతో కాదు, ‘దాషి’తో వస్తుంది. మిసో చారు మొదలు ఉడికించిన కూరల దాకా అన్నింటికీ ఆధారమైన ఆ రసాన్ని సాధారణంగా ఎండబెట్టిన బొనీటో చేప తురుముతో తీస్తారు. ‘చేప తినను’ అంటే ముక్క వేయరు, రసం మాత్రం ఉంటుంది. టోక్యోలో అయితే సొంతంగా వండుకోవచ్చు. నిషి కసాయి వైపు వెళితే భారతీయ దుకాణాలూ ఉన్నాయి. అయినా హకోదాతే విషయంలో ఒక వెసులుబాటుంది. ఆ తీరం కొంబు అనే సముద్రపు నాచుకు పేరుపడ్డది, కేవలం కొంబుతోనూ దాషి తీస్తారు. ఆ మాట ముందుగానే స్పష్టంగా అడగాలి. ఉల్లి, వెల్లుల్లి కూడా తిననివారికి, రోజూ పెరుగన్నం లేనిదే గడవనివారికి మాత్రం టోక్యోనే చెబుతాను.

యాస అంటుకుంటుందేమోనన్న భయం ఇంకొకటి. కనజావా పెద్దలు కృతజ్ఞత చెప్పడానికి ‘కినొదొకునా’ అంటారు; ప్రామాణిక జపనీస్‌లో అది ‘అయ్యో పాపం’ అనే అర్థమిచ్చే మాట. ఇటువంటివి నాలుగు నేర్చుకుంటే భాష చెడిపోదు. గోదావరి యాస వింటే తెలుగు పాడవుతుందని మనమెవరమూ అనుకోం కదా.

హకోదాతే, కనజావాల మధ్య తేల్చుకోవడం కష్టమేమీ కాదు. కళల మీద ఆసక్తి ఉంటే కనజావా. మాయెదా వంశం ఏలిన ‘కాగా’ అనే సంస్థానపు రాజధాని అది. ‘నో’ అనే సంప్రదాయ నాటకం, తేనీటి విధి, ‘కాగా యూజెన్’ అనే బట్టల అద్దకం అక్కడ నేటికీ సజీవంగా ఉన్నాయి, జపాన్ బంగారు రేకు దాదాపు అంతా ఆ ఊరిదే. అయితే ఆ కార్యక్రమం కనీసం ఒక ఏడాది కాలేజీ జపనీస్ చదివినవారికే, ఏడాది పాఠాన్ని ఎనిమిది వారాల్లో నడిపిస్తారు. హకోదాతే 1854 ఒప్పందంతో విదేశీ నౌకలకు తలుపు తెరిచిన రేవు. చేపల సంత, ట్రాములు, 334 మీటర్ల కొండ, ఆగస్టు మొదట్లో జరిగే రేవు పండుగలో ఊరంతా వీధుల్లో ఆడే స్క్విడ్ నృత్యం, వీటన్నిటిలో జనంతో మాట కలపడం సులువు. కనజావాకూ టోక్యోకూ వేసవిలో ఉక్కపోత తప్పదు, హకోదాతే చల్లన. అక్కడ పాఠాలతో పాటు విద్యార్థి తనకిష్టమైన విషయం మీద ఊళ్ళోవారిని కలిసి స్వయంగా తెలుసుకునే పని కూడా ఉండడం నాకు మరీ నచ్చింది. నా మొగ్గు అటే.

టోక్యోలోని ప్రైవేటు భాషా పాఠశాలలు పెట్టే రెండు, మూడు వారాల వేసవి కోర్సులు విహారయాత్రకు తోడుగా బాగుంటాయి. అమెరికాలోనే ఉండి జపనీస్ తప్ప మరో భాష మాట్లాడనని సంతకం పెట్టి చదివే మిడిల్‌బరీ కళాశాల పద్ధతి మంచిదే, కానీ అక్కడ వడ్డించే పెద్దావిడ ఉండదు.

కుటుంబంతో ఉండాలని నిర్ణయించుకున్నవారు దరఖాస్తులో తిండి నియమాలు, పిల్లీ కుక్కల భయం, అలర్జీలు ఉన్నవి ఉన్నట్టు రాయండి. ‘ఇంగ్లిష్ వచ్చిన కుటుంబమైతే బాగుంటుంది’ అని మాత్రం రాయకండి.