పదేళ్లు దాటిన మా ఐ5 పీసీలో గేములు ఎందుకు ఆగిపోయేవంటే

2015లో సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్ సీటీసీలో అసెంబుల్ చేయించుకున్న సిస్టమ్ ఇది. ఐ5-4460 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్ ఒకే స్టిక్, 1 టీబీ హార్డ్ డిస్క్. జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు 2017లో వేశాం. ఆ కార్డుకు విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు, మదర్‌బోర్డు మీద అది కూర్చునే స్లాట్ నుంచి వచ్చే 75 వాట్లు చాలు. పాత ఎస్ఎంపీఎస్‌తోనే (కరెంటు అందించే డబ్బా) సరిపోతుందని అదే తీసుకున్నా. పగలు నా పని, రాత్రి మా తమ్ముడి గేములు. ఖాళీగా ఉన్న రోజు లేదు.

ఏడేళ్లు ఏ పేచీ లేకుండా నడిచింది. తర్వాత ఒక ఎండాకాలం మొదలైంది గొడవ. "మళ్ల ఆగుతాంది అన్నా" అని తమ్ముడు రోజూ పిలిచేవాడు. జీటీఏ 5 మొదటి పావుగంట హాయిగా నడిచేది. ఆ తర్వాత బొమ్మ బిగుసుకుపోయేది. మళ్లీ కదిలేసరికి కారు గోడకు గుద్దుకుని ఉండేది. ఒక షాపులో చెబితే క్యాబినెట్ తెరవకుండానే కార్డు పాతబడింది, మార్చాలి అన్నారు. నాకు మనసొప్పలేదు. కార్డుకు సత్తువ లేకపోతే మొదటి నిమిషం నుంచే ఈడ్చాలి కదా, పావుగంట ఎలా లాగింది?

ముందు నా అనుమానం హార్డ్ డిస్క్ మీదికి పోయింది. 480 జీబీ ఎస్ఎస్‌డీ కొని విండోస్, గేమ్ రెండూ అందులోకి మార్చా. గేమ్ తెరుచుకోవడానికి మూడు నిమిషాలు పట్టేది నిమిషం లోపుకు వచ్చింది. వేగంగా పోతున్నప్పుడు ఎదురుగా రోడ్డు, బిల్డింగులు ఆలస్యంగా రావడమూ పోయింది. కానీ పావుగంట తర్వాత ఆగడం మాత్రం అలాగే ఉంది. ఎఫ్‌పీఎస్ (సెకనుకు కనిపించే ఫ్రేముల లెక్క) పెరుగుతుందనుకుని ఎస్ఎస్‌డీ కొనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. లోడింగ్ మారుతుంది, గేమ్ మధ్యలో ఎఫ్‌పీఎస్ దాదాపు మారదు.

అసలు సంగతి తెలిసింది కార్డు, ప్రాసెసర్ ఎలా పనిచేస్తున్నాయో చూపించే ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టాక. దానితో వచ్చే రివాట్యూనర్ వల్ల గేమ్ నడుస్తుండగానే స్క్రీన్ మూలన అంకెలు కనిపిస్తాయి. తమ్ముడు ఆడుతుంటే నేను పక్కన కుర్చీ వేసుకుని ఆ మూలనే చూస్తూ కూర్చున్నా. మొదట కార్డు వాడకం 97, 98 శాతం. అది మంచి లక్షణమే, కార్డు నిండుగా పనిచేస్తోందని అర్థం. ప్రాసెసర్ స్పీడు 3.2 గిగాహెర్ట్జ్. పన్నెండో నిమిషం దాటాక ప్రాసెసర్ వేడి 90, 95, 99 డిగ్రీలు. స్పీడు 2.1కి పడింది, కాసేపటికి 1.6. అదే క్షణంలో కార్డు వాడకం 45 శాతానికి జారింది. కార్డు వేడి మాత్రం 66 దాటలేదు.

అంటే కార్డుకు పని అందడం లేదు. ప్రతి ఫ్రేములో ఏది ఎక్కడ ఉండాలో లెక్కగట్టి ప్రాసెసర్ పంపితేనే కార్డు బొమ్మ గీస్తుంది. వేడి 100 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి ఈ ప్రాసెసర్ కాలిపోకుండా తన స్పీడు తనే తగ్గించుకుంటుంది. ఆ షాపు మాట విని కొత్త కార్డు వేసి ఉంటే అదీ ఇలాగే చేతులు కట్టుకుని కూర్చునేది. ఆ డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది.

ఆదివారం క్యాబినెట్ విప్పాం. మా ఇల్లు వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్ వైపు. పత్తి సీజన్‌లో గాలిలో నూగు తేలుతుంటుంది. ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్‌లో ఫ్యాన్‌కూ దాని కింద ఉన్న అల్యూమినియం రెక్కలకూ మధ్య దుమ్ము, నూగు కలిసి దళసరిగా బొంతలా పేరుకున్నాయి. గోటితో అంచు పట్టుకుని లాగితే ముక్కలవకుండా మొత్తం ఒకే రేకుగా ఊడి వచ్చింది. అయినా నాకు ఎక్కువ బాధేసింది కూలర్ కాళ్లు చూసినప్పుడు. నాలుగింటిలో ఒకటి బోర్డులో సగమే దిగి ఉంది. కూలర్ ఒక పక్కకు ఎత్తి ఉంది, ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేరవేసే పేస్ట్ కింద ఎండి సున్నంలా రాలుతోంది.

పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్ట్ మధ్యలో పెట్టా. కాళ్లు వరసగా కాకుండా ఎదురెదురు మూలలవి నొక్కాలి, టక్‌మని శబ్దం రావాలి. బోర్డు వెనకవైపు నాలుగు కొనలూ బయటికి వచ్చాయో లేదో టార్చి వేసి చూడాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క గిర్రున తిరగకుండా వేలు అడ్డం పెట్టండి, లేకపోతే బేరింగ్ దెబ్బతింటుంది.

ఆ రాత్రి గంటన్నర ఆడినా వేడి 71 దాటలేదు. జీటీఏ 5 ఫుల్ హెచ్‌డీలో 60 ఎఫ్‌పీఎస్ దగ్గర నిలకడగా నడిచింది. ఖర్చు పేస్ట్ ట్యూబ్ ఒక్కటే.

తర్వాత ర్యామ్ సంగతి. ఒకే స్టిక్ ఉంటే సింగిల్ ఛానల్, సెకనుకు 12.8 జీబీ వరకే డేటా పోతుంది. రెండోది వేస్తే దారి రెండింతలు, 25.6. వాడిన 8 జీబీ స్టిక్ తెచ్చి రెండో స్లాట్‌లో పెట్టా. సగటు ఎఫ్‌పీఎస్ పెద్దగా పెరగలేదు గానీ మధ్యమధ్య వచ్చే కుదుపులు బాగా తగ్గాయి. నా మటుకు సగటు కన్నా అదే ముఖ్యం. 80 వస్తూ మధ్యలో 15కి పడే గేమ్ కన్నా, 50 దగ్గర కదలకుండా ఉండేదే ఆడబుద్ధవుతుంది.

తీరని బాధ ఒకటి మిగిలింది. 2023 సెప్టెంబరులో సీఎస్:గో అనే షూటింగ్ గేమ్ స్థానంలో కౌంటర్ స్ట్రైక్ 2 వచ్చాక, అది ఆడుతున్నప్పుడు ప్రాసెసర్ నాలుగు కోర్లూ నూరు శాతం దగ్గరే ఉంటున్నాయి. దీనికి దుమ్ము తుడిస్తే లాభం లేదు, ప్రాసెసర్ శక్తే అంత. బ్రౌజర్ మూసేసి, రివాట్యూనర్‌లో ఫ్రేములు 60కి కట్టేశాం. ఇద్దరు ముగ్గురు ఎదురుపడ్డా ఇప్పుడు చేతికి అందుతోంది, పొగబాంబులు పడ్డప్పుడు మాత్రం కష్టం. విండోస్ 10 సపోర్ట్, అంటే మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు, 2025 అక్టోబరు 14తో అయిపోయింది, ఈ ప్రాసెసర్ విండోస్ 11కు పనికొచ్చే వాటి జాబితాలో లేదు. కాబట్టి బ్యాంకు పనులు దీంట్లో చేయడం మానేశా.

గేములకు మాత్రం ఇంకా ఇదే. క్యాబినెట్ పక్క రేకు లోపల దుమ్ము తీసిన తేదీలన్నీ మార్కర్‌తో రాసి ఉంటాయి. ఇప్పటికి ఐదు వరసలయ్యాయి. పత్తి సీజన్ అయిపోగానే ఒకసారి, ఎండలు ముదరకముందు ఒకసారి. చివరి రెండూ తమ్ముడి చేతిరాత.