పాత ఇత్తడి బ్యాటరీ లైటుకు మళ్లీ మెరుగు: రెండేండ్లు వాడినాక నా మాట

పాత టార్చి లైట్లను విప్పి, లోపల తోమి, పైన మళ్లీ మెరుగు పెట్టి వాడకానికి తేవడం నాకు ఎప్పటినుంచో ఇష్టమైన పని. అట్లా చేసినవాటిలో మూడు మా తోట దగ్గర రెండేండ్లకు పైగా రోజూ చేతులు మారుతున్నాయి. ఒకటి ఇత్తడిది, పైన ఏ పూతా లేదు. రెండోదీ ఇత్తడిదే, దానికి రంగులేని లక్కరు (వార్నిషు లాంటి పూత) కొట్టినాను. మూడోది అల్యూమినియంది, నల్ల పెయింటు వేసినాను. ముందే చెప్పేస్తా: చేతపట్టుకొని తిరిగే వస్తువుకు పూత లేని ఇత్తడే మేలు. తక్కిన రెండూ చేసిన కొత్తలో కండ్లకు బాగుంటాయి, వాడేకొద్దీ తేడా తెలుస్తుంది.

అనంతపురం చుట్టుపక్కల బోరు బావి ఉన్న చానా ఇండ్లలో మూడు సెల్లుల లైటు ఉంటుంది. త్రీ ఫేజు కరెంటు రాత్రి వంతుకు వచ్చినప్పుడు గట్ల మీద నడిచి పోయి మోటారు వేయాల, దారిలో పాముందో తేలుందో చూసుకోవాల. అట్లా వాడి వాడి పైనున్న తళుకు లేచిపోతుంది. ఆ తళుకు క్రోమియం, దాని కింద నికెలు, దాని కింద ఇత్తడి. ముందు స్విచ్చి చుట్టూ, ఆ తర్వాత నిలబెట్టే అడుగు అంచున పొర పెచ్చులుగా ఊడుతుంది. పెచ్చు అంచు గీరుకుంటే వేలు తెగుతుంది, కాబట్టి ఇది అందం కోసం మాత్రమే చేసే పని కాదు.

క్రోమియం చాలా గట్టిది. ఎమరీ పేపరుతో ఇంట్లో రుద్దుకుంటూ కూర్చుంటే చెయ్యి నొప్పి తప్ప ఫలితం కనపడదు. యాసిడ్ పోసి తీయొచ్చు అంటారు గానీ ఆ పొగ, ఆ నీళ్లు ఇంట్లో పెట్టుకునేవి కావు. నేను ఇత్తడి సామాన్లకు పాలిష్ పట్టే అంగడిలో ఇచ్చి, గుడ్డ చక్రం మీద తీయించినాను. ఇచ్చేటప్పుడు ఒక మాట గట్టిగా చెప్పాల: గొట్టం మీద పట్టు కోసం ఉన్న గీతలను ముట్టుకోవద్దని. ఆ గీతలు అరిగితే చెమట చేతికి లైటు జారుతుంది. నేను వాటి మీద గట్టి టేపు చుట్టి ఇచ్చినాను. గీతల మధ్య మిగిలిన క్రోమియాన్ని అట్లాగే వదిలేసినా, ఇప్పుడు అది బంగారు రంగులో వెండి గీత పెట్టినట్టు ఉంది. తర్వాత ఇంట్లో 400, 800, 1500 నంబరు వాటర్ పేపర్లు వరుసగా తడిపి రుద్ది, చివర బ్రాసో అనే ఇత్తడి పాలిష్ పెట్టినాను. పని జరిగేంతసేపూ ముక్కుకు మాస్కు ఉండాల్సిందే.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి లోపలుంది. ఈ లైటులో వైరు ఉండదు. సెల్లుల ప్లస్ మొనలు బల్బు వైపు, మైనస్ అడుగు మూతలోని స్ప్రింగు వైపు. కరెంటు దారి స్ప్రింగు నుంచి మూత మరలకు, మరల నుంచి గొట్టానికి, గొట్టం నుంచి స్విచ్చి రేకుకు, అక్కడి నుంచి బల్బు గూటికి పోతుంది. అంటే మనం పట్టుకున్న గొట్టమే వైరు. మరల మీద పలచగా పెయింటు పడినా, చిలుము పట్టినా దారి మూసుకుపోతుంది. మూడు సెల్లులు కలిపితే 4.5 వోల్టులే. పాత బల్బు మీద 3.8 వోల్టులు, 0.3 ఆంపియర్లు అని ఉంటుంది. దారిలో రెండు ఓములు అడ్డం పడితే 0.6 వోల్టు అక్కడే పోతుంది, వెలుతురు ఎర్రబారుతుంది. సెల్లులు అయిపోయినాయని చాలామంది కొత్తవి వేస్తారు, తప్పు మాత్రం మరల్లో ఉంటుంది. అందుకే బయట మెరుగు మొదలు పెట్టకముందే పాత పళ్లు తోమే బ్రష్షుతో మరలు తోమి, పొడిగుడ్డతో తుడిచి, మల్టీమీటరును ఓములు చూసేట్టు తిప్పి, దాని ఒక కొన మూతకు, ఒక కొన బల్బు గూటికి పెట్టి స్విచ్చి వేసి చూడాల. ఆ ఓముల లెక్క సున్నా దగ్గరికి వచ్చేదాకా పైపని ముట్టుకోవద్దు. పెయింటు వేసేటప్పుడు మరలకూ గొట్టం లోపలి అంచుకూ టేపు తప్పనిసరి.

రిఫ్లెక్టరును మాత్రం రుద్దొద్దు. దాని మీదున్న తళుకు ఊపిరంత పలచన. బ్రాసో గుడ్డ ఒక్కసారి తగిలిందంటే నల్లగా చచ్చిపోతుంది. సబ్బు నీళ్లలో ముంచి, మంచినీళ్లతో కడిగి, బోర్లించి ఆరబెడితే చాలు.

ఇత్తడిని చింతపండు పులుసులో రాత్రంతా నానబెట్టమనేవాళ్లు ఉన్నారు. వద్దు. ఇత్తడిలో రాగీ జింకూ ఉంటాయి. పులుపులో ఎక్కువసేపు ఉంటే జింకు కరిగిపోయి, అక్కడక్కడ గులాబీ రంగు మచ్చలు మిగులుతాయి. ఆ మచ్చ తోమితే పోదు, మళ్లీ పేపరు పట్టాల. చింతపండుతో రుద్ది వెంటనే కడిగితే ఏమీ కాదు, మా ఇంట్లో బిందెలు తోమేదీ అట్లాగే.

అల్యూమినియం లైటుకు చానా కష్టపడినాను. నున్నటి అల్యూమినియం మీద పెయింటు నిలవదు. 400 పేపరుతో గరుకు చేసి, ఎచ్ ప్రైమరు (లోహాన్ని పట్టుకొని పెయింటును నిలిపే అడుగు పూత) కొట్టి, ఆ పైన స్ప్రే పెయింటు జానెడు దూరం నుంచి పలచగా పొర మీద పొర వేయాల. మా వైపు ఆషాఢం గాలిలో ఆరుబయట ఈ పని కుదరదు. ఉరవకొండ, వజ్రకరూరు పక్క గాలిమరలు నిలబెట్టింది ఆ గాలిని నమ్ముకునే. తెల్లారి గాలి లేవకముందు కొడితేనే దుమ్ము అంటదు. స్ప్రే డబ్బాను ఎండాకాలం మోటారు షెడ్డులో పెట్టొద్దు, 50 డిగ్రీలు దాటనీయొద్దని దాని మీదే రాసి ఉంటుంది.

ఇంత చేసినా ఆ పెయింటు ఏడాది తిరక్కముందే అడుగు అంచున, స్విచ్చి పక్కన తెల్లబడింది. తక్కిన చోట్ల గట్టిగానే ఉంది, అంతమటుకు ప్రైమరుకు మార్కులు వేస్తాను. లక్కరు కొట్టిన ఇత్తడి మరీ బాధ పెట్టింది. రాయికి తగిలి చిన్న గీత పడితే, ఆ గీతలోంచి గాలి దూరి లక్కరు కిందే నల్లటి దారాలు పాకినాయి. పైన తుడిస్తే పోవు. తిన్నరుతో లక్కరు మొత్తం తీసేయడం తప్ప దారి లేదు. ఎండలో ఉంచిన పక్క పసుపు కూడా తిరిగింది.

పూత లేనిదానికి కార్లకు పూసే మైనం అప్పుడప్పుడు రుద్దుతున్నాను, అంతే. చెయ్యి పడే చోట తేనె రంగుకు తిరిగింది, అడుగున కొంచెం నలుపు. ఎప్పుడన్నా మెరిపించాలంటే ఐదు నిమిషాల పని. లోటు ఒకటుంది: చాలాసేపు పట్టుకుంటే చేతికి ఇత్తడి వాసన అంటుతుంది, అది గిట్టనివాళ్లు ఉంటారు. మా చిన్నాయన మాత్రం మూడూ గూట్లో ఉన్నా దాన్నే తీసుకుంటాడు. "పట్టు బాగుంది రా, వానలో గూడా జారదు" అన్నాడు.

పాలిష్, పేపర్లు, మైనం, ఎల్ఈడీ బల్బు అన్నీ కలిపి ఒక్కో లైటుకు ఆరేడు వందలు పట్టింది. ఆ డబ్బుకు ఛార్జింగు ప్లాస్టిక్ లైటు కొత్తదే వస్తుంది, వెలుతురు ఇంకా ఎక్కువ కూడా ఇస్తుంది. వెలుతురు మాత్రమే కావాలనుకునేవాళ్లు అదే కొనుక్కోవచ్చు. ఎల్ఈడీ వేసేవాళ్లు సెల్లులు తిప్పి పెట్టొద్దు, పాత బల్బు వెలిగినట్టు ఇది వెలగదు.

వాడకుండా నెలల తరబడి ఉంచేటప్పుడు సెల్లులు బయటికి తీసేయండి. మామూలు సెల్లుకు జింకు డబ్బానే మైనస్. వాడేకొద్దీ ఆ డబ్బా లోపలినుంచి కరిగి, చివరికి చిల్లుపడి లోపలి యాసిడ్ లాంటి రసం కారుతుంది. నేను కొన్న పాత లైట్లలో పాడైనవి దాదాపు అన్నీ ఆ కారుడుకే పాడైనాయి, పై తళుకు పోయి కాదు.