కావాంగరై టైలర్ అక్కలు: పట్టు జాకెట్టు ధైర్యంగా ఇవ్వొచ్చు

చెన్నైలో రెడ్ హిల్స్, మాధవరం, పుళల్ వైపు ఉండే మన తెలుగువాళ్లు జాకెట్టు కుట్టించుకోవడానికి టీ.నగర్ దాకా వెళ్లక్కర్లేదు. పుళల్ కావాంగరైలో శ్రీలంక తమిళ శరణార్థుల క్యాంపు ఉంది కదా, అందులో ఉండే నలుగురు ఆడవాళ్లు కలిసి బయట ఒక గది అద్దెకు తీసుకుని టైలరింగ్ షాపు నడుపుతున్నారు. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి మా ఇంటి ఆడవాళ్ల జాకెట్లన్నీ అక్కడే కుట్టించాం. ఒక్కటి కూడా ఆల్టరేషన్‌కి వెళ్లలేదు. షాపుకి బోర్డు లేదు. తమ పేర్లు, ఫోన్ నంబర్లు ఎక్కడా పెట్టొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. కావాంగరైలో దిగి టైలర్ అక్కల షాపు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు.

కటింగ్ అంతా ఒక పెద్దావిడ చేస్తారు. అందరూ పెద్దక్క అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. కొలత జాకెట్టు ఇచ్చినా ఆవిడ దాన్ని నమ్ముకోరు, మళ్లీ టేపు పెడతారు. చేతులు పైకెత్తమంటారు, స్టూలు మీద కూర్చోమంటారు, అప్పుడు చంక దగ్గర ఎంత వదలాలో చూసుకుంటారు. మా అత్తగారికి కుడి భుజం కాస్త కిందికి జారి ఉంటుంది. ఇన్నేళ్లలో ఏ టైలరూ గమనించలేదు. పెద్దక్క చూడగానే ఏమీ అనకుండా రెండు భుజాలకీ విడివిడిగా కొలత రాసుకుని, ముందు భాగం కుడివైపు వేరుగా కత్తిరించారు. ఆ జాకెట్టు వేసుకున్నాక మా అత్తగారు ఫంక్షన్ అంతా ఒక్కసారి కూడా భుజం సర్దుకోలేదు.

లైనింగ్ గుడ్డని ముందే తడిపి ఆరేసి కత్తిరిస్తారు, ఉతికాక ముడుచుకుపోదు. లోపల కుట్టు పక్కన గుడ్డ బాగా వదులుతారు. దీని విలువ నాకు తెలుసు. ఇంతకుముందు ఒక బొటిక్‌లో 1,400 రూపాయలు పోసి కుట్టించిన గద్వాల పట్టు జాకెట్టు చంకలో పట్టేసింది, వదులు చేద్దామంటే లోపల గుడ్డే లేదు. చీరలో మిగిలిన ముక్కతో చంకలో అతుకు వేసి దాన్ని బతికించింది పెద్దక్కే. ఇక్కడ లైనింగ్ జాకెట్టు 350.

ఆ ధర విని మా బంధువు ఒకావిడ, క్యాంపువాళ్లే కదా, 250 చాలదా అంది. నాకు ఒళ్లు మండింది. ఇంకొకావిడ పాపమని వంద ఎక్కువ ఇవ్వబోతే పెద్దక్క తిరిగి ఇచ్చేశారు. కుట్టు చూసి డబ్బులివ్వండి, అంతే.

వాళ్ల కష్టం చిన్నది కాదు. పెద్దక్క శ్రీలంకలోని మన్నార్ వైపు నుంచి 1990లో పడవలో వచ్చారు, అప్పటికి చిన్నపిల్ల. అక్కడ తమిళుల మీద జరిగిన 1983 అల్లర్లప్పుడు ఒక విడత జనం వస్తే, 1990 జూన్‌లో యుద్ధం మళ్లీ మొదలయ్యాక ఇంకో పెద్ద విడత వచ్చింది. ముందు రామేశ్వరం దగ్గరి మండపం క్యాంపు, తర్వాత ఇక్కడ. తమిళనాడులో ఇలాంటి క్యాంపులు వందకు పైనే ఉన్నాయి. పదడుగుల గదిలో పెళ్లయింది, పిల్లలు పుట్టారు, అత్తమామలు పోయారు. తెల్లవారక ముందే బాత్రూం దగ్గర క్యూ కట్టి పెరిగిన ఆడపిల్లలు వీళ్లంతా. 2021లో తమిళనాడు ప్రభుత్వం 317 కోట్ల ప్యాకేజీ ప్రకటించి, కొత్త ఇళ్లు కడతామంది, క్యాంపులకి పునరావాస శిబిరాలని పేరు మార్చింది. నెలసరి సాయం కూడా పెంచింది: ఇంటి పెద్దకి 1,500, మిగతా పెద్దవాళ్లకి వెయ్యి, పిల్లలకి 500. ఈ చెన్నైలో దానితో నెలంతా ఎలా నెట్టుకొస్తారు? మగవాళ్లలో చాలామందిది గోడలకి పెయింటింగ్ పని, వానలు పట్టాయంటే అదీ ఉండదు. ఆ నెలల్లో ఇల్లు నడిపేది ఈ మిషన్లే.

స్కూలు వదిలాక పిల్లలు నేరుగా షాపుకే వస్తారు. కటింగ్ బల్ల చివర వాళ్లకో మూల ఉంది, అక్కడ చాక్‌పీసు గీత గీసి ఉంటుంది. గీత దాటి పుస్తకాలు రావు, గుడ్డలూ అటు పోవు. ఒక తమ్ముడికి లెక్కలు చెబుతూనే హుక్స్ కుట్టే పదో తరగతి పిల్లని చూశాను, ఒక్క హుక్కు వంకర లేదు.

పెద్దక్క కూతురు బీకాం చదివి ఇక్కడ లెక్కలు చూస్తోంది. పుట్టింది చెన్నైలోనే, 2001లో. కానీ 1987 జూలై తర్వాత ఇక్కడ పుట్టినవాళ్లకి తల్లిదండ్రుల్లో ఒక్కరైనా భారత పౌరులైతేనే పౌరసత్వం. అందుకే ఆ అమ్మాయికి ఓటు లేదు, ప్రభుత్వ ఉద్యోగం ఆశ లేదు. మండపం క్యాంపులో 1986లో పుట్టిన ఒకామె మద్రాసు హైకోర్టుకి వెళ్లి పాస్‌పోర్టు తెచ్చుకుని, 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఓటేసింది. ఆ పేపర్ కటింగ్ షాపులో అంటించి ఉంది. పొరుగు దేశాల నుంచి వచ్చిన కొందరికి పౌరసత్వమిచ్చే 2019 చట్టంలో పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ ఉన్నాయి, శ్రీలంక లేదు. మన గడ్డ మీద పుట్టి, మన కాలేజీలో చదివిన పిల్లని ఇంకా పరాయిదాన్ని చేయడం అన్యాయం. షాపు రివ్యూలో ఇదెందుకు అనుకోవద్దు, ఆ పిల్ల చేతి బిల్లు తీసుకుని వస్తున్నప్పుడు నాకు ఇంకేం తోచదు.

లోపాలూ చెప్పాలి. ట్రయల్ రూం లేదు, మూలన కర్టెన్ కట్టారు. మగ్గం వర్క్ బయటికి పంపిస్తారు, దానికి ఇంకో పది రోజులు పడుతుంది. నగదే ఇవ్వాలి. క్యాంపులో అధికారులు హాజరు చూసే రోజున షాపు తెరవరు, అది ముందే చెబుతారు, ఆ రోజు డెలివరీ అడగొద్దు. కొలతలకి మీ ఇంటికి రమ్మని పిలవకండి, రాత్రి ఆలస్యమైతే వాళ్లకి టెన్షన్. మీరే వెళ్లండి. ఆదివారం మధ్యాహ్నం వరకే ఉంటారు. దీపావళికి కావాలంటే నెల ముందే గుడ్డ ఇచ్చెయ్యండి, చివరి వారంలో ఎంత బతిమాలినా పెద్దక్క తీసుకోరు.