నాలుగేళ్లుగా కాల్సిపోట్రయాల్ రాసుకుంటున్నాను

సోరియాసిస్ అనే చర్మవ్యాధి మొదలై తొమ్మిదేళ్లయింది. రెండు మోచేతులు, మోకాళ్లు, నడుం మీద అరచేయంత మచ్చ. ఆఫీసులో కుర్చీ లోంచి లేచే ముందు సీటు మీద రాలిన తెల్లటి పొట్టును ఎవరూ చూడకుండా చేత్తో దులిపి లేచేవాణ్ణి.

మొదటి ఐదేళ్లూ స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లే. మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇచ్చేవాళ్లు. రాస్తే వారంలో మచ్చ పోయేది, మానేస్తే నెల తిరక్కుండా ఇంకాస్త పెద్దగా వచ్చేది. చివరికి చుట్టూ ఉన్న మంచి చర్మం కూడా ఉల్లిపొరలా పల్చబడింది. అప్పుడు చర్మాల డాక్టరమ్మ ఈ మందు రాశారు. మొదటి నాలుగు వారాలు స్టెరాయిడ్ కలిసినది, ఆ తర్వాత విడిగా కాల్సిపోట్రయాల్, 0.005 శాతం, పూటకోసారి చొప్పున రోజుకు రెండుసార్లు.

డి విటమిన్ మందు అని చెప్పగానే మా అత్తయ్య, "దానికి డబ్బులెందుకురా, పొద్దున్నే డాబా మీద నిలబడు" అంది. అది వేరు, ఇది వేరు. కాల్సిపోట్రయాల్ డి విటమిన్‌ను పోలినట్టు తయారుచేసిన మందు. సోరియాసిస్‌లో చర్మ కణాలు నెల పట్టాల్సిన ప్రయాణాన్ని నాలుగైదు రోజుల్లో ముగించి, పండకుండానే పైకొచ్చి పేరుకుంటాయి. ఇది వాటి తొందరను తగ్గిస్తుంది. 1985లో జపాన్‌లో, ఎముకల బలానికి డి విటమిన్ మందు వాడిన ఒక పేషెంటుకి సోరియాసిస్ తగ్గడం గమనించాకే డాక్టర్ల దృష్టి ఇటు మళ్లిందట.

స్టెరాయిడ్‌కి అలవాటు పడిన చేతికి దీని నెమ్మది విసుగు పుట్టిస్తుంది. విడిగా వాడటం మొదలుపెట్టిన తొలి రెండు వారాలు మంట, కాస్త ఎర్రదనం తప్ప ఏమీ లేదు. మూడో వారంలో పొట్టు రాలడం తగ్గింది. ఎనిమిదో వారంలో ఒక రాత్రి కళ్లు మూసుకుని మోకాలి మీద వేలు పోనిస్తే మచ్చ అంచు ఎక్కడుందో దొరకలేదు. రంగు మాత్రం అంత త్వరగా రాలేదు. మన చామనఛాయ ఒంటి మీద ఆ తెల్లటి జాడ కలిసిపోవడానికి ఆరు నెలలు పట్టింది.

మధ్యలో నా తెలివి ఒకటి. పొట్టు త్వరగా ఊడుతుందని మెడికల్ షాపతను సాలిసిలిక్ యాసిడ్ ఆయింట్‌మెంట్ అంటగట్టాడు. రెండూ ఒకదాని మీద ఒకటి మూడు వారాలు రాశాను. మచ్చ కదల్లేదు. డాక్టరమ్మ తల పట్టుకున్నారు: సాలిసిలిక్ యాసిడ్ తగిలితే కాల్సిపోట్రయాల్ చెడిపోతుందట, అంటే మూడు వారాల మందు బూడిదలో పోసినట్టే. ఇప్పుడు స్నానానికి ముందు కొబ్బరినూనె పట్టించి పొట్టు నాననిస్తున్నాను.

ఇంకోసారి రాసిన చెయ్యి కడుక్కోకుండా బుగ్గ గోక్కున్నాను. రెండు రోజులు ముఖం చెంపదెబ్బ తిన్నట్టు ఎర్రగా ఉంది. ముఖానికీ చర్మం మడతలకూ ఇది పనికిరాదని అప్పుడు అర్థమైంది. వయోజనులు వారానికి 100 గ్రాములు దాటకూడదనీ, దాటితే రక్తంలో కాల్షియం పెరగొచ్చనీ డాక్టరమ్మ చెప్పారు. నాకు అంత ఎప్పుడూ పట్టలేదు. మొదట్లో 30 గ్రాముల ట్యూబు పది రోజులు వచ్చేది, ఇప్పుడు రెండు నెలలు.

జిడ్డు సంగతి చెప్పకపోతే అబద్ధమవుతుంది. మే నెలలో, కరెంటు పోయిన రాత్రి, చెమటకి కరిగి దుప్పటికి అంటుకునే ఈ ఆయింట్‌మెంట్‌ని నేను తిట్టని తిట్టు లేదు. రాత్రికి ఒక పాత ఫుల్ హ్యాండ్స్ చొక్కా, ఒక పాత దుప్పటి దీనికే కేటాయించాను. ఐదుకి మూడున్నర మార్కులేస్తాను, ఆ తెగిన ఒకటిన్నరలో ఒకటి ఈ జిడ్డుకే.

ఎక్కడా జబ్బు పూర్తిగా పోలేదు. చలికాలంలో మోకాళ్ల మీద మళ్లీ గరుకు తేలుతుంది, వారం రాస్తే అణుగుతుంది. ఎడమ మోచేతి మీద రూపాయి బిళ్లంత మచ్చ మాత్రం నాలుగేళ్లుగా అక్కడే ఉంది. టేబుల్‌కి ఆనించి రాపిడి పెట్టొద్దని డాక్టరమ్మ ప్రతిసారీ చెప్తారు. ఇది టైప్ చేస్తున్నంతసేపూ ఆనించే ఉంచాను.